పెరిగేది వేరు... అనంతం వేరు

కొలవడం మనిషికి భగవంతుడు ప్రసాదించిన విద్య. కొలతకు లొంగనిదాన్ని కూడా కొలిచి చూపాలనుకోవడం మనిషి తనంతట తాను తెచ్చిపెట్టుకున్న చాపల్యం. ఈ రెండింటి మధ్య ఉన్న గీతను మరచిపోవడం వల్ల మన ఇళ్లలో తరచూ ఒక అనవసరమైన వాదం నడుస్తోంది. ఆ వాదానికి మేళ్లచెరువు క్షేత్రం చక్కని ఉదాహరణ.

సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువలో ఉన్న మేళ్లచెరువు 2016 వరకు నల్లగొండ జిల్లాలోని గ్రామం. అక్కడ వెలసిన స్వయంభూ శంభులింగేశ్వర స్వామిని దర్శించని శివభక్తులు ఆ ప్రాంతంలో అరుదు. కాకతీయుల కాలం నాటిదని చెప్పే ఆ ఆలయానికి దక్షిణ కాశి అన్న ప్రసిద్ధి ఉంది. అక్కడి శివలింగం గురించి భక్తులు రెండు విశేషాలు చెప్పుకుంటారు. మొదటిది, ఆ లింగం కాలక్రమాన పెరుగుతూ వస్తోందన్నది. రెండవది, లింగం పైభాగాన ఉన్న చిన్న రంధ్రంలో నీరు నిత్యం నిలిచి ఉంటుందన్నది. ఆ నీటిని సాక్షాత్తూ గంగగా భావించి తీర్థంగా స్వీకరిస్తారు.

ఇక వాదం సంగతి. "లింగం పెరుగుతోంది కాబట్టి స్వామి అనంతుడని రుజువైంది" అంటాడు ఒకరు. "నిత్యం పెరిగేదే అయితే ఈపాటికి గర్భాలయం పైకప్పును తాకాలి కదా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు మరొకరు. మొదటివారు భక్తులు, రెండవవారు హేతువాదులు అని మనం అనుకుంటాం. ఒక్క క్షణం యోచించండి. ఇద్దరి నమ్మకమూ ఒక్కటే. అనంతం అంటే చాలా పెద్దది అని ఇద్దరూ అనుకుంటున్నారు. ఈ వ్యాస రచయిత అభిప్రాయంలో ఇద్దరూ అనంతాన్ని చిన్నది చేస్తున్నారు. గణితశాస్త్రమూ, వేదాంతమూ కూడా ఈ విషయంలో ఆ ఇద్దరితోనూ విభేదిస్తాయి.

పెద్ద సంఖ్య అనంతం కాదు

11వ శతాబ్దికి చెందిన పావులూరి మల్లన, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన కవి, గణితవేత్త. చదరంగపు బల్ల మీది 64 గళ్ల లెక్కను చెప్పే పద్యం ఒకటి ఆయన పేర ప్రసిద్ధంగా ఉంది. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయి? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు గల సంఖ్య ఇది. లోకంలోని గాదెలన్నీ చాలని రాశి. అయినా ఇది అనంతం కాదు. దీనికి ఒకటి కలిపితే ఇంతకన్నా పెద్దది సిద్ధంగా ఉంటుంది. అనంతంతో పోల్చినప్పుడు ఒక గింజ ఎంత దూరంలో ఉందో ఈ గింజల రాశీ అంతే దూరంలో ఉంది. దగ్గర పడడం అన్నది లేనే లేదు.

మన ప్రాచీనులు ఈ భేదాన్ని బాగా ఎరిగినవారు. జైన శాస్త్రకారులు సంఖ్యలను లెక్కింప దగినవి, లెక్కింప శక్యం కానివి, అనంతమైనవి అని మూడు తెగలుగా విభజించారు. లెక్కపెట్టలేనంత పెద్దదానికీ, అంతం లేనిదానికీ మధ్య గీత గీసి మరీ చూపారు. మనం మాత్రం వాడుకలో ఆ గీతను చెరిపేశాం. కోట్లకు పడగలెత్తినవాణ్ణి అనంత సంపన్నుడని పొగుడుతాం. పట్టలేని జనసమూహాన్ని అనంతమైన జనవాహిని అంటాం. మాటలో అలవాటైన ఈ అజాగ్రత్తే మెల్లగా ఆలోచనలోకి చొరబడుతుంది.

పెరుగుతూనే హద్దులో ఉండవచ్చు

పైకప్పు ప్రశ్నకు వద్దాం. నిత్యం పెరిగే వస్తువు ఏనాటికైనా ఏ హద్దునైనా దాటి తీరాలన్నది పైకి సబబుగా తోచే మాట. గణితం దీన్ని అంగీకరించదు. ఒక వస్తువు మొదటి ఏడు అరంగుళం, రెండవ ఏడు పావంగుళం, మూడవ ఏడు అందులో సగం, ఇలా ఏటేటా అంతకుముందు పెరిగినదానిలో సగం పెరుగుతూ పోయిందనుకోండి. అది ఏ ఏడూ పెరగడం మానదు. యుగాలు గడచినా పెరుగుతూనే ఉంటుంది. అయినా మొత్తం పెరుగుదల ఒక్క అంగుళాన్ని దాటదు. ఎదుగుదలకు అంతం లేదు, ఎత్తుకు మాత్రం హద్దు ఉంది.

ఇది బాలల గారడీ లెక్క కాదు. 14వ శతాబ్దిలో కేరళలోని సంగమగ్రామానికి చెందిన మాధవుడు ఈ దారిలోనే నడిచి, వృత్తపు చుట్టుకొలతకు అంతులేని శ్రేణిని కనుగొన్నాడు. ఒకటిలో నుంచి మూడోవంతు తీసివేసి, ఐదోవంతు కలిపి, ఏడోవంతు తీసివేసి, ఇలా బేసి సంఖ్యలతో ఎడతెగక సాగిపోతే, ఆ మొత్తానికి నాలుగు రెట్లు వృత్త పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి అవుతుంది. జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దిలో మలయాళంలో రచించిన యుక్తిభాష దీనికి ఉపపత్తిని కూడా వివరించింది. ఎప్పటికీ పూర్తికాని ప్రయాణం ఒక స్థిరమైన గమ్యాన్ని సూచించగలదని మన గడ్డ మీదనే తెలిసింది.

అయితే ఒక హెచ్చరిక. ఈ లెక్క మేళ్లచెరువు లింగం పెరుగుతోందనడానికి రుజువు కాదు, పెరగడం లేదనడానికీ రుజువు కాదు. పైకప్పు తాకలేదు గనుక విశ్వాసం తప్పు అన్న వాదంలో బలం లేదని మాత్రమే ఇది చెబుతుంది. పెరుగుతోంది గనుక అనంతుడు అన్న వాదంలోనూ బలం లేదు. పెరిగే వస్తువును ఏనాడు కొలిచినా ఏదో ఒక కొలతే వస్తుంది. నిన్న ఇంత, నేడు ఇంత అని చెప్పగలిగినది పరిమితమే. పెరుగుదలకు ఆస్కారం ఉన్నదంటే ఇంకా పూర్ణం కానిదని అర్థం. శివుడు ఇంకా పూర్ణుడు కావలసి ఉన్నాడని ఏ శైవాగమమూ చెప్పదు కదా!

పూర్ణంలో నుంచి పూర్ణం

ఈశావాస్యోపనిషత్తుకు ముందు పఠించే శాంతి మంత్రం మీకు తెలిసినదే. పూర్ణం నుంచి పూర్ణాన్ని తీసినా మిగిలేది పూర్ణమేనన్నది దాని భావం. ఈ మంత్రాన్ని చూపి, "అనంతంలో నుంచి అనంతాన్ని తీసివేస్తే అనంతమే వస్తుందని నేటి గణితం చెప్పేది మన ఋషులు ఏనాడో చెప్పారు" అని వేదికల మీద వినిపిస్తూ ఉంటుంది. సదుద్దేశంతో అనే మాటే. కాని సరైన మాట కాదు.

నేటి గణితం అలా చెప్పదు. ఒకటి, రెండు, మూడు అంటూ సాగే సంఖ్యలన్నిటి నుంచి సరిసంఖ్యలన్నీ తీసివేయండి. బేసి సంఖ్యలు మిగులుతాయి, అవి అనంతం. అదే సంఖ్యల వరుస నుంచి పదికి పైబడినవన్నీ తీసివేయండి. ఈసారి తీసినదీ అనంతమే, మిగిలింది మాత్రం పదే. అందువల్ల అనంతం నుంచి అనంతాన్ని తీసివేయడానికి ఒకే ఒక్క జవాబు లేదని గణితం అంటుంది. మంత్రమేమో ఎప్పుడైనా పూర్ణమే మిగులుతుందని ఘంటాపథంగా చెబుతోంది. కాబట్టి అది తీసివేత లెక్క కాదు. జగత్తు బ్రహ్మం నుంచి వ్యక్తమైనా బ్రహ్మానికి లోటు రాదన్న దర్శనం. దీపం నుంచి దీపాన్ని వెలిగిస్తే మొదటి దీపం తరగదు. అక్కడ తీసివేత ఎక్కడ జరిగింది?

ఈ విచక్షణ ఉన్నవాడు భాస్కరాచార్యుడు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాగమైన బీజగణితంలో ఆయన శూన్యంతో భాగించగా వచ్చే రాశికి ఖహరం అని పేరు పెట్టాడు. దానికి ఎంత కలిపినా, ఎంత తీసినా మార్పు రాదంటూ అచ్యుతునితో పోల్చాడు. ప్రళయకాలంలో జీవరాశులన్నీ తనలో లీనమైనా, సృష్టికాలంలో తన నుంచి వెలువడినా స్వామిలో మార్పు లేనట్లే ఇదీ అన్నాడు. గమనించండి. భగవంతుణ్ణి ఉపమానంగా తెచ్చుకొని తన లెక్కను వివరించాడే తప్ప, తన లెక్కను సాక్షిగా నిలబెట్టి భగవంతుణ్ణి రుజువు చేయబూనలేదు. తర్వాతి గణితం శూన్యంతో భాగించడాన్ని అసలు నిర్వచించరానిదిగా తేల్చింది. భాస్కరుని గణితం సవరణ పొందింది. అచ్యుతునికి ఏ సవరణా అవసరం కాలేదు. భక్తిని లెక్కకు ముడిపెట్టి ఉంటే, లెక్క మారిన నాడు భక్తి ఏమై ఉండేది?

అనంతాలలో తరతమాలు

పాశ్చాత్య దేశాలలో ఈ ప్రశ్నను అంతిమంగా మథించినవాడు జర్మనీలో ఆచార్యత్వం వహించిన గియోర్గ్ కాంటర్ (1845-1918). ఆయన పద్ధతి మన కొబ్బరికాయల లెక్క వంటిది. ఆలయంలో ప్రతి భక్తుని చేతిలోనూ ఒక్కొక్క కొబ్బరికాయ ఉండి, కాయ ఒక్కటీ మిగలకపోతే, భక్తులూ కాయలూ సమానమని లెక్కపెట్టకుండానే చెప్పవచ్చు. ఇలా జతపరచి చూస్తే సంఖ్యలన్నీ ఎన్నో సరిసంఖ్యలూ అన్నే. ఒకటికి రెండు, రెండుకు నాలుగు, మూడుకు ఆరు... ఎవరూ మిగలరు. భాగం మొత్తంతో సమానమైంది! సంఖ్యలకూ వాటి వర్గాలకూ ఇలా జత కుదరడాన్ని 1638లోనే గెలీలియో గమనించి ఆశ్చర్యపడ్డాడు. కాంటర్ అక్కడ ఆగలేదు. ఒక సరళరేఖ మీది బిందువులను సంఖ్యలతో జతపరచబోతే ఎంత చేసినా బిందువులు మిగిలిపోతాయని 1874లో నిరూపించాడు. అంటే అనంతాలలోనూ చిన్నా పెద్దా ఉన్నాయి. ఏ అనంతాన్ని తీసుకున్నా దానికంటే పెద్ద అనంతం ఉంటుంది. ఆ మెట్లకు చివరి మెట్టు లేదు.

ఇంతటి సాహసం చేసిన కాంటర్ దైవభక్తుడు. ఆయన క్రైస్తవ వేదాంత పండితులతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. తన మెట్లలోని ప్రతి అనంతమూ ఇంకా పెంచదగినదేననీ, పెంపునకు ఆస్కారం లేని పరమానంతం భగవంతుడొక్కడేననీ ఆయన భావించాడు. పెరిగేది వేరు, పూర్ణమైనది వేరు అన్న మాటే కదా ఇది!

శంకరులు చూపిన మూడు హద్దులు

తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మాన్ని సత్యమనీ, జ్ఞానమనీ, అనంతమనీ నిర్దేశించింది. ఈ అనంత శబ్దానికి ఆదిశంకరులు చేసిన వ్యాఖ్యానం ప్రతి గృహస్థుడూ తెలుసుకోదగినది. ఒక వస్తువుకు హద్దు మూడు విధాలుగా ఏర్పడుతుంది. దేశం వల్ల, కాలం వల్ల, వస్తువు వల్ల. ఇక్కడుంది, అక్కడ లేదు అంటే దేశపు హద్దు. అప్పుడుంది, ఇప్పుడు లేదు అంటే కాలపు హద్దు. ఇది ఉంది, దీనికి భిన్నంగా మరొకటీ ఉంది అంటే వస్తువు హద్దు. ఆకాశానికి దేశపు హద్దు లేకపోయినా, అది పుట్టినది గనుక కాలపు హద్దు ఉంది, దానికి భిన్నమైన వస్తువులు ఉన్నాయి గనుక వస్తువు హద్దూ ఉంది. మూడు హద్దులూ లేనిదే అనంతం.

ఈ గీటురాయి మీద గణితానంతాన్ని పెట్టి చూడండి. సంఖ్యల వరుసకు చివర లేదు, నిజమే. కాని ఆ వరుసలో ఆవు లేదు, చెట్టు లేదు, లెక్కించే మీరు లేరు. అంతులేనిదైనా అది అనేక వస్తువులలో ఒకటి. దానికి వెలుపల మరొకటి ఉంది. అందుకే అనంతాలు అనేకం కాగలిగాయి. ఉపనిషత్తు చెప్పే అనంతానికి రెండవది లేదు, వెలుపల లేదు, కాబట్టి తరతమాలూ లేవు. ఒకే పదం రెండు శాస్త్రాలలో రెండు అర్థాలు ధరించింది. ఈ రెంటినీ కలిపివేస్తే గణితానికీ అన్యాయం, వేదాంతానికీ అన్యాయం.

నారదుని దుఃఖం

"ఇంత సూక్ష్మ విచారం మాకెందుకు? మేమేదో పూజ చేసుకునేవాళ్లం" అనుకోకండి. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుని ఆశ్రయించి తాను నేర్చిన విద్యల పట్టిక చదువుతాడు. అందులో రాశి అన్న విద్య ఉంది. రాశి అంటే గణితమని శంకరుల వ్యాఖ్య. అన్నీ నేర్చిన నారదుడు చివరకు చెప్పుకున్నది ఏమిటి? తనకు దుఃఖం తీరలేదని. సనత్కుమారుడు నామంతో మొదలుపెట్టి ఒకదానికంటే ఒకటి అధికమైనవాటిని చెబుతూ పోతాడు. ప్రతిసారీ నారదుడు "దీనికంటే అధికమైనది ఉందా?" అని అడుగుతూనే ఉంటాడు. ప్రాణం వద్దకు వచ్చేసరికి అడగడం ఆపేస్తాడు. అడగకపోయినా గురువే అక్కడి నుంచి చేయి పట్టి భూమా వద్దకు తీసుకువెళతాడు. అల్పమైనదానిలో సుఖం లేదు, భూమాలోనే ఉంది అన్న బోధ అప్పుడు వస్తుంది. ఇంకా ఏది, ఇంకా ఎంత అన్న ప్రశ్నల మెట్లు ఎక్కి ఎవరూ అనంతాన్ని చేరలేదు.

మన దుఃఖం కూడా ఈ "ఇంకా" నుంచే కాదా? ఒక ఇల్లున్నవాడు రెండవది కోరతాడు, రెండున్నవాడు మూడవది కోరతాడు. పరిమితమైనవాటిని పేర్చి అపరిమితమైన తృప్తిని పొందాలని చూస్తాడు. దేవుణ్ణి కొలిచి పరిమితం చేయడం ఒక పొరపాటైతే, పరిమితమైన లోకాన్ని అపరిమితమని భ్రమించడం రెండవ పొరపాటు. రెండవదే ఎక్కువ హాని చేస్తోంది. మేళ్లచెరువు పరిసరాలు సున్నపురాతికి ప్రసిద్ధి. సిమెంటు కర్మాగారాలు అక్కడ నెలకొనడానికి ఆ రాయే కారణం. గర్భాలయంలోని రాయి పెరుగుతుందని మనం విశ్వసించవచ్చు. గనిలోని రాయి పెరగదు. లింగంపై గంగ తరగదని నమ్మవచ్చు. బోరుబావిలోని నీరు తరుగుతుంది. ఈ రెంటినీ తారుమారు చేసి, లింగానికి టేపు పట్టుకొని, బోరుకు మాత్రం కొలత మరచిపోతే అది భక్తి అనిపించుకోదు.

మొగలిపువ్వు సాక్ష్యం

లింగోద్భవ గాథ మనకు చెప్పేది ఇదే. ఆద్యంతాలు లేని జ్యోతిస్తంభం ఎదుట నిలిచిన నాడు బ్రహ్మ హంసయై పైకి ఎగిరాడు, విష్ణువు వరాహమై కిందికి తవ్వుకుంటూ పోయాడు. ఇద్దరికీ అంతు చిక్కలేదు. విష్ణువు తిరిగి వచ్చి తాను చూడలేదని ఒప్పుకున్నాడు. బ్రహ్మ మొగలిపువ్వును సాక్ష్యంగా తెచ్చి చూశానన్నాడు. ఫలితంగా బ్రహ్మకు పూజలు కరవయ్యాయి, మొగలిపువ్వు శివపూజకు దూరమైంది. అంతు దొరకకపోవడం అక్కడ దోషం కాలేదు. దొరికిందని చెప్పడమే దోషమైంది. నేడు దేవుణ్ణి శాస్త్రం రుజువు చేసిందంటూ అరకొర లెక్కలు తెచ్చే ప్రతివారి చేతిలోనూ ఒక మొగలిపువ్వు ఉంది. గణితవేత్త ఈ విషయంలో మనకంటే నిజాయతీపరుడు. అనంత సమితి ఉందని తాను నిరూపించలేదనీ, ఉందని స్వీకరించి అక్కడి నుంచి బయలుదేరుతున్నాననీ అతడు మొదటి పుటలోనే రాసుకుంటాడు. భక్తుడు కూడా "ఇది నా శ్రద్ధ" అని ధైర్యంగా చెప్పవచ్చు. శ్రద్ధకు దొంగసాక్ష్యం అక్కర లేదు.

కనుక ఇంట్లో మనుమడు "తాతయ్యా, అన్నిటికంటే పెద్ద సంఖ్య ఏది?" అని అడిగితే, "అదంతా మన వేదాల్లో ఉంది, పోయి చదువుకో" అని పంపివేయకండి. ఒకటి కలుపుతూ పొమ్మని చెప్పండి. ఎక్కడ ఆగవలసి వచ్చిందో వాణ్ణే చెప్పనివ్వండి. ఆగింది సంఖ్య కాదు, లెక్కపెట్టే తన నోరని వాడికే తెలుస్తుంది. ఆ రోజు వాడికి పావులూరి మల్లన పేరు చెప్పండి, మాధవుని పేరు చెప్పండి, కాంటర్ పేరూ చెప్పండి. శివుని కథ మరో పూట చెప్పండి. రెండూ వాడికి కావాలి, ఒకదానికి ఒకటి పూచీకత్తుగా మాత్రం వద్దు.

జపానికి మాలా, వ్రతానికి సంఖ్యా అవసరమే. అనంత పద్మనాభ వ్రతంలో తోరానికి 14 ముడులు వేస్తాం. పేరు అనంతుడిది, ముడులు 14. ఆ ముడులు స్వామిని కట్టడానికి కాదు, మన చంచలమైన మనసును కట్టడానికి. ఆ వ్రతకథలోని కౌండిన్యుడు అనంతుణ్ణి చూశారా అంటూ మామిడిచెట్టునూ, ఆవునూ, ఎద్దునూ అడిగి అడిగి అలసి సొమ్మసిల్లాడు. స్వామి వృద్ధ బ్రాహ్మణుడై తానే వచ్చి లేవనెత్తాడు. వెదకడం వ్యర్థమని దీని అర్థం కాదు. వెదకినంత మాత్రాన దొరికే వస్తువు కాదని అర్థం.

మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతరకు ఎడ్లతో బండ లాగించే పందేలు జరుగుతాయి. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు. కొలవవలసిన చోట అది. అక్కడ అంగుళం తేడా వచ్చినా అన్యాయమే. ఆ రాత్రి లింగోద్భవ వేళ గర్భాలయం ముందు నిలబడినప్పుడు మాత్రం ఎత్తు ఎంత, పెరిగింది ఎంత అన్న ఆలోచనను గుమ్మం వద్దనే వదలి లోపలికి వెళ్లండి. ఎంత అన్న ప్రశ్న అణగిన మనసులోనే శంభులింగేశ్వరుడు పూర్ణంగా భాసిస్తాడు. స్వామి అనుగ్రహం మీ ఇంటిల్లిపాదికీ కలుగుగాక!